చక్రాలకు కట్టిన దుంగ

మా తమ్ముడు ట్రాక్టరు వెనక చక్రాలకు సరుగుడు దుంగ కడుతున్నప్పుడు నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఈ రెండో వాక్యం రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు రాశాను కాబట్టి ఇక కొట్టెయ్యను.

నేను ఫిజికల్ సైన్సు టీచర్ని. నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, సముద్రం వైపు పోయే దారిలో ఒక హైస్కూల్లో ఎనిమిది నుంచి పది దాకా పాఠాలు చెబుతాను. బలం, గమనం, ఘర్షణ, పీడనం అన్న మాటలు నా నోట్లో ఎన్ని వేలసార్లు నలిగాయో చెప్పలేను. గ్లాసు కింది కాగితాన్ని చటుక్కున లాగి చూపిస్తాను. డస్టర్ని వాలుబల్ల మీద జార్చి చూపిస్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు కోపం ఎక్కువని బళ్ళో పేరుంది, అది నిజమే. తప్పు జవాబు చెప్పినవాణ్ణి ఏమీ అనను. తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్నవాణ్ణి మాత్రం నిలబెట్టి దులిపేస్తాను. ఇలాంటి మనిషి ఆరోజు గట్టు మీద నిలబడి నోరు మూసుకుంది.

ఆ గుంట మొదట మా నాన్న వరి పండించిన చేను. నాన్న పోయాక తమ్ముడు దాన్ని తవ్వించి రొయ్యల గుంట చేశాడు. నాకు ఇష్టం లేదని చెప్పాను. వినలేదు, సరే. తవ్వాక మాత్రం ఉచిత సలహాలు ఇవ్వకుండా ఉండలేకపోయాను. నీళ్ళను చిలికే ఏరియేటర్లు ఎక్కడ పెడితే గుంటంతా నీళ్ళు తిరుగుతాయో ఒకసారి కాగితం మీద గీసి తీసుకెళ్ళాను. మేత షెడ్డు దగ్గర నలుగురు కూలీలు, పక్క గుంట మామ ఉన్నారు. తమ్ముడు ఆ కాగితం చూసి, "అక్కా, పుస్తకంలో రొయ్య బతకదు" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు వాడితో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. అంత చిన్న మాటకేనా అంటే, అవును, అంత చిన్న మాటకే. నేను అలాంటిదాన్ని.

ఆ ఏడు రొయ్యకు తెగులొచ్చింది. గుంట నీళ్ళు తీసేసి, అడుగు ఎండబెట్టారు. ఎండిన తర్వాత అడుగున పేరుకున్న నల్లమట్టిని ట్రాక్టరుకు బ్లేడు తగిలించి గీకెయ్యాలి. గుంట అడుగు చూడ్డానికి ఎండినట్టే ఉంటుంది. పైన చపాతీ మందం పెచ్చు కట్టి, నెర్రెలు విచ్చి, మనిషి నడిస్తే ఆగుతుంది. కింద మాత్రం తొడలోతు రొంపి, మెత్తటి బురద, అలాగే ఉంటుంది. మనిషిని మోసిన పెచ్చు ట్రాక్టరును కూడా మోస్తుందని మావాడు అనుకున్నాడు.

ఆ పొద్దున నేను బడికి పోయే దారిలో స్కూటీ ఆపాను, అమ్మ సంవత్సరీకం ఏ రోజు పెట్టుకుందామో అడగడానికి. ఫోనులో అడగొచ్చు. కానీ ఫోను చేస్తే నేనే ముందు తగ్గినట్టవుతుందని, దారిలో కనబడ్డాడు కాబట్టి అడిగినట్టు ఉండాలని అలా ఆపాను. నేను పోయేసరికి ట్రాక్టరు గుంట మధ్యకు కాస్త ఇవతల వెనక చక్రాలు సగం దాకా దిగబడి ఉంది. వాడు పంచె ఎగగట్టుకుని, ఒళ్ళంతా నల్లమట్టితో దుంగ కడుతున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు.

"ఉండక్కా, ఐదు నిమిషాలు. ఇది బైటికి తీసేసి వస్తుండా" అన్నాడు.

మావైపు ట్రాక్టరు దిగబడితే అందరూ చేసే పని అదే. వెనక చక్రాలు రెండింటికీ అడ్డంగా ఒక దుంగను పెట్టి మోకుతో బిగిస్తారు. చక్రం తిరిగినప్పుడు దుంగ కిందికి పోతుంది, బండి దాని మీదెక్కి పైకి వస్తుంది. చాలాసార్లు వస్తుంది కూడా, అందుకే ఎవరూ మానరు. కానీ రొంపి లోతుగా ఉంటే దుంగ అందులో అడ్డం పడి చక్రాన్ని తిరగనివ్వదు. ఇంజను మాత్రం తిప్పడం మానదు. చక్రాన్ని తిప్పలేకపోతే అది బండినే చక్రం చుట్టూ తిప్పుతుంది. ముందు భాగం పైకి లేచి, నడిపేవాడితో సహా వెనక్కి పడుతుంది. క్లచ్ తొక్కాలన్న ఆలోచన వచ్చేలోపే అంతా అయిపోతుంది. చర్య, ప్రతిచర్య పాఠంలో ఒక ఏడాది ఇదే ట్రాక్టరు బొమ్మ బోర్డు మీద గీసి పిల్లలకు చెప్పాను.

వాడు బరువు తగ్గుతుందని వెనకున్న బ్లేడు కూడా విప్పి పక్కన పడేశాడు. ఆ బ్లేడు ఉండుంటే బండి వెనక్కి తిరగబడకుండా కాస్త అడ్డం పడేది. అది కూడా చూశాను.

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు పుస్తకంలో రొయ్య బతకదన్న మాట గుర్తొచ్చింది. షెడ్డు దగ్గర ఆ నలుగురు కూలీలే ఉన్నారు. వాడు మళ్ళీ ఏదో అంటాడు, వాళ్ళు మళ్ళీ నవ్వుతారు. పాఠంలో చెప్పినంత దాకా పోదు, ముందు చక్రాలు ఒక అడుగు పైకి లేస్తాయి, వీడు హడలిపోయి క్లచ్ తొక్కుతాడు, అప్పుడు నా వైపు చూస్తాడు, అనుకున్నాను. అప్పుడు చెబుదామనుకున్నాను. వాడు హడలిపోవడం నాకు కావలసి వచ్చింది. నిజం ఇదే, ఇంతకంటే మెత్తగా చెప్పడానికి ఏమీ లేదు.

"తొందరగా కానీరా, నాకు బడికి టైమవుతుంది" అన్నాను.

వాడు ఎక్కి కూర్చుని గేరు వేశాడు. దుంగ ఒక జానెడు కిందికి దిగి ఆగిపోయింది. ఇంజను మూలిగింది. వాడు ఇంకాస్త యాక్సిలరేటర్ ఇచ్చాడు. ముందు చక్రాలు లేచాయి. నేను అనుకున్నట్టు ఒక అడుగు దగ్గర ఆగలేదు. బండి నిలువుగా అయింది, ఒక్క క్షణం దాని అడుగు భాగమంతా నాకు కనబడింది, తర్వాత వెనక్కి పడిపోయింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. రొంపి మెత్తగా మింగింది.

నేను గట్టు మీంచి ఎలా దిగానో గుర్తులేదు. చెప్పులు ఎక్కడో పోయాయి. పెచ్చు విరిగి తొడల దాకా దిగబడుతూ, చేతులతో పాకుతూ పోయాను. ట్రాక్టరు బోర్లా పడి ఉంది. చక్రాలు ఆకాశం వైపు, వాటికి అడ్డంగా దుంగ. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డీజిలు వాసన కమ్ముకుంది. వాడు వెల్లకిలా పడి ఉన్నాడు. మొహం, మెడ, ఒక చెయ్యి మాత్రం పైన ఉన్నాయి. మిగతా ఒళ్ళంతా రొంపిలో కూరుకుపోయింది. ఎడమ మడ్గార్డు అంచు వాడి ఎడమ తొడ మీద ఉంది.

వాడు చచ్చిపోలేదు. గట్టినేల అయితే అక్కడికక్కడే పోయేవాడు. మెత్తటి రొంపి కాబట్టి కాలు దానిలోకి దిగి ఆగింది. బండి పడడానికి కారణమైన రొంపే వాణ్ణి బతకనిచ్చింది. కానీ బండి ఇంకా ఆగలేదు. కంటికి కనబడనంత నెమ్మదిగా దిగుతూనే ఉంది. మడ్గార్డు మీద అంటిన ఒక మట్టిపెళ్ళను గురుతు పెట్టుకుని చూశాను. కాసేపటికి అది కనబడలేదు.

"అక్కా, కాలు తెలవడం లేదు" అన్నాడు వాడు.

"ఏం కాదురా. గమ్మునుండు, కదలబాక" అన్నాను. మెడ కింద రెండు చేతులూ పెట్టి తల పైకెత్తి పట్టుకున్నాను. చేతులు తీస్తే చెవుల మీదికి బురద వస్తుంది, ఇంకాస్త దిగితే నోట్లోకి వస్తుంది. ఇక అక్కణ్ణించి మూడు గంటలు ఆ చేతులు తియ్యలేదు.

కూలీలు పరిగెత్తుకొచ్చారు. మా మరదలు షెడ్డు నుంచి అరుస్తూ వచ్చింది. పక్క గుంట మామ వచ్చాడు. ఆయన మాకు చుట్టం కాదు, కానీ నాన్న కాలం నుంచి మామా అనే పిలుస్తాం. వయసు డెబ్బైకి దగ్గర, ఆ చుట్టుపక్కల ఏ బండి దిగబడినా ఆయన మాటే మాట. ఆయన చెప్పగానే ఇద్దరు కూలీలు తమ్ముడి చంకల కింద చేతులు పెట్టి బలంగా లాగారు. వాడు వేసిన కేక ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు క్లాసు మధ్యలో వినిపిస్తుంది. ఒళ్ళు అంగుళం కూడా కదలలేదు.

"లాగబాకండి! మీ కాళ్ళకు మొక్కుతా, లాగబాకండి" అన్నాను.

రొంపిలో దిగిన చెప్పును లాగితే చెప్పు అక్కడే ఉండి కాలు బైటికొస్తుంది. చెప్పు కింద ఖాళీ ఏర్పడి, అందులోకి గాలి పోవడానికి దారి లేక, పైనుంచి గాలి అదిమి పెడుతుంది. ఎంత బలంగా లాగితే అంత గట్టిగా పట్టుకుంటుంది. ఇది చెప్పడానికి నాకు ఊపిరి లేదు. చెప్పినా వినేవాళ్ళు లేరు. లాగబాకండి అన్న ఒక్క మాటే అరుస్తున్నాను, వాళ్ళు నేను తమ్ముడి బాధ చూడలేక అరుస్తున్నాననుకుంటున్నారు.

"టీచరమ్మను అవతలికి తీసకపోండయ్యా" అన్నారెవరో.

మామ తన ట్రాక్టరును గట్టు మీదికి తెప్పించాడు. గొలుసు విసిరారు. ఒక కూలీ దాన్ని బోర్లాపడిన బండి చక్రానికి చుట్టాడు. గట్టు మాకు ఎడమవైపు ఉంది. తమ్ముడి కాలు కూడా ఎడమ మడ్గార్డు కిందే ఉంది. గట్టు మీంచి లాగితే బండి ఎటు దొర్లుతుందో నాకు బోర్డు మీద గీసినంత స్పష్టంగా కనబడింది. లాగిన వెంటనే బండి లేవదు. ముందు ఎడమ అంచు మీద ఆని, దాన్ని ఇరుసు చేసుకుని తిరుగుతుంది. అంత బరువూ ఒక్క ఆ అంచు మీదికే వస్తుంది. అది వాడి తొడ.

అరిచాను. ఎవరూ వినలేదు. మామ ట్రాక్టరు ఇంజను హోరులో నా గొంతు నాకే వినబడలేదు. ఆ క్షణంలో నేను పడ్డ నిస్సహాయత ఎలాంటిదో చెప్పలేను. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన నోరు, వినాల్సిన ఒక్కసారి ఎవరికీ వినబడలేదు. చెప్పాల్సినప్పుడు నేను చెప్పలేదు, చెబుతున్నప్పుడు వాళ్ళు వినడం లేదు. తల వదిలిపెట్టి పోయి గొలుసు పట్టుకోలేను. వదిలితే వాడి నోట్లోకి బురద పోతుంది.

మరదలితో, "నువ్వు పోయి గొలుసు మీద కూర్చో" అన్నాను.

ఆమె నన్ను ఎందుకని అడగలేదు. రొంపిలో పాకుతూ పోయి ఆ గొలుసును రెండు చేతులా వాటేసుకుని దాని మీద అడ్డంగా పడిపోయింది. అప్పుడు మామ ఇంజను ఆపి, గుంటలోకి దిగి, నా మీదికి వచ్చాడు.

"ఏందమ్మాయ్ ఇది? వాణ్ణి చంపుకుంటారా ఏంది మీరిద్దరూ?"

కోప్పడితే వినడు. బతిమాలితే ఆడమనిషి ఏడుస్తుందనుకుంటాడు. నాకు తెలిసిన పని ఒకటే ఉంది, దాన్నే చేశాను. బళ్ళో పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగాను.

"మామా, ఆ గొలుసు లాగితే బండి ఏ అంచు మీద తిరగతాది? చూసి చెప్పు."

ఆయన విసుగ్గా గొలుసు వైపు చూశాడు. గట్టు వైపు చూశాడు. బండిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. చివరికి మడ్గార్డు అంచు మీద ఆయన చూపు ఆగింది. అక్కడి నుంచి కిందికి, తమ్ముడి కాలు రొంపిలోకి పోయిన చోటికి దిగింది.

"వాడి తొడ మీద" అన్నాడు మెల్లగా. గొలుసు విప్పెయ్యమని ఆయనే చెప్పాడు.

అక్కడి నుంచి నా మాట విన్నారు. అందుకు నేను సంతోషించానని ఎవరైనా అనుకుంటే అంతకంటే పాపం లేదు. ఏం చెయ్యకూడదో నాకు తెలుసు, ఏం చెయ్యాలో తెలియదు. క్రేను కావాలని టౌనుకు ఫోను చేశారు. గుంటల గట్లు దాని బరువు మోయవని వాళ్ళు ముందే చెప్పేశారు. అంబులెన్సు వచ్చి గట్టు మొదట్లో ఆగిపోయింది. అందులో వచ్చిన అబ్బాయి రొంపిలోకి దిగి, తమ్ముడి పైకి ఉన్న చేతికే సెలైను పెట్టాడు. మరదలు ఆ సీసాను ఎత్తి పట్టుకుని నిలబడింది. కాలు మీద ఎక్కువసేపు బరువుంటే తీసిన తర్వాత కూడా ప్రమాదమేనని ఆ అబ్బాయి నా చెవిలో చెప్పాడు.

కోటలో వెల్డింగు షాపు నడిపే భాయ్ రెండు జాకీలు మోటారుసైకిలుకు కట్టుకుని వచ్చాడు. ఆయన కూతురు నా దగ్గర చదివింది. వచ్చీ రాగానే ఒక జాకీని మడ్గార్డు కింద రొంపిలో పెట్టి తిప్పాడు. బండి లేవలేదు. జాకీ కిందికి దిగిపోయింది. ఇంకా తిప్పాడు. ఇంకా దిగింది. జాకీ బండిని ఎంత బలంతో పైకి తోస్తుందో అంతే బలంతో తన కింది నేలను కిందికి తోస్తుంది. ఏది మెత్తనైతే అదే కదులుతుంది.

"టీచరమ్మా, కింద ఆనడానికి ఏమీ లేదు" అన్నాడు.

"వెడల్పుగా ఏదైనా కావాల భాయ్. ఇంత జాకీ కింద ఒక మంచమంత ఉంటే దిగదు" అన్నాను.

కూలీలు పోయి మేత షెడ్డు తలుపు ఊడబెరుక్కొచ్చారు. తూముకు అడ్డం పెట్టే పలకలు తెచ్చారు. తలుపును రొంపి మీద పరిచి, దాని మీద రెండు జాకీలూ కాలికి చెరోవైపు పెట్టారు. భాయ్ ఒకటి, మామ ఒకటి పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి తిప్పితే తలుపు మూలిగి, రెండు వేళ్ళంత దిగింది. ఇంకో వేలంత దిగింది. అప్పుడు ఆగింది.

ఇంత జరుగుతున్నా తమ్ముడికి స్పృహ ఉంది. నా చేతుల్లో వాడి తల ఉంది. చిన్నప్పుడు కూడా నేను వాడి తలను అంతసేపు పట్టుకుని ఉండను. వాడు బరువని ఎప్పుడూ అనుకోలేదు. తల ఎంత బరువో ఆరోజు తెలిసింది. కదలని వస్తువు మీద బలాలు లేవని కాదు, ఉన్నవన్నీ సరితూగాయని అర్థం అని పిల్లలకు చెబుతాను. వాడి తల కదలకుండా ఉండడానికి నా భుజాలు ఎంత పోరాడాయో ఏ పిల్లవాడికీ కనబడి ఉండదు. చేతులు మొద్దుబారాయి. ఇంకొకరు పట్టుకుంటామన్నారు. ఇవ్వలేదు. శిక్ష ఏదైనా ఉంటే అదే అయ్యుండాలని, అది నా చేతుల్లోనే తీరిపోవాలని పిచ్చిగా అనుకున్నాను.

"అమ్మ సంవత్సరీకం అడగడానికి వచ్చినావా అక్కా?" అన్నాడు వాడు.

"ఊ."

"ఆదివారం పెట్టుకుందాం. నీకు బడి ఉండదు."

"అట్నేలే."

"షెడ్డు తలుపు పీకేసినారే. నిన్ననే బిగించినా దాన్ని" అన్నాడు. నాకు ఏడుపు వచ్చేసింది. అప్పుడే వాడికి చెప్పి ఉండాల్సింది. నాకు తెలుసురా, దుంగ కట్టేటప్పుడే తెలుసు, నీ మీద కోపంతో చెప్పలేదు అని. వాడి మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. వాడు చచ్చిపోతాడేమోనన్న భయంతో చెప్పలేదు. చచ్చిపోయేవాడు ఆ మాట మోసుకుని పోకూడదనుకున్నాను. అంతకంటే నిజం, ఆ మాట విన్నాక వాడు నా చేతుల్లో తల పెట్టుకోడేమోనని భయం.

మడ్గార్డు రెండు వేళ్ళు లేచింది. లేచినంత మేరా కింద పలక దూర్చమన్నాను, జాకీ జారినా బరువు మళ్ళీ కాలు మీద పడకుండా. నాలుగు వేళ్ళు లేచాక ఇంకో పలక. తర్వాత పంపు పైపు తెప్పించి, కాలి పక్కనుంచి సన్నగా నీళ్ళు వదలమన్నాను. రొంపి పట్టు వదలాలంటే దాని కిందికి ఏదో ఒకటి పోవాలి, గాలి కాకపోతే నీళ్ళు. నీళ్ళు పోయేకొద్దీ వాడి గడ్డం దాకా బురద పెరిగింది. నేను తల ఇంకా ఎత్తాను. మరదలు ఒక చేత్తో సెలైను సీసా పట్టుకుని, ఇంకో చేత్తో చీర కొంగు ముంచి వాడి పెదాల మీది బురద తుడుస్తూనే ఉంది.

"ఇప్పుడు లాగండి. గుంజబాకండి. మెల్లగా, ఆపకుండా లాగండి" అన్నాను.

వాడు కదిలాడు. ముందు వీపు, తర్వాత నడుము, చివరికి కాళ్ళు వచ్చాయి. రొంపి ఒక్కసారి పెద్ద చప్పుడుతో వదిలింది. ఎవరో దేవుడి పేరు పెద్దగా పిలిచారు. భాయ్ రొంపిలోనే కూలబడి మొహం కప్పుకున్నాడు. తలుపునే మంచం చేసి వాణ్ణి మోసుకుపోయారు. నేను లేవబోతే చేతులు ముడుచుకోలేదు, చాచినవి చాచినట్టే ఉండిపోయాయి.

నెల్లూరులో డాక్టర్లు ఐదు రోజులు ప్రయత్నించారు. ఆరో రోజు మోకాలి పైదాకా కాలు తీసేశారు. సంతకం మరదలు పెట్టింది. నన్ను పక్కన నిలబడమంది. నిలబడ్డాను.

నెల తర్వాత వాణ్ణి ఇంటికి తెచ్చాం. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆగలేదు. వాకిట్లో మంచం మీద దిళ్ళకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ వాడు అదే కథ చెప్పేవాడు. కథలో వీరుడు వాడు కాదు, నేను. గొలుసు లాగనీకుండా మా అక్క ఆపింది, తలుపు వెయ్యమని మా అక్క చెప్పింది, నీళ్ళు పెట్టమని మా అక్క చెప్పింది. ప్రతిసారీ కొత్తగా చెప్పేవాడు. బడి నుంచి రోజూ సాయంత్రం నేను అక్కడికి పోయేదాన్ని, రోజూ విన్నాను. కొందరు నాకు చేతులెత్తి మొక్కారు. వాడు చచ్చిపోతాడేమోనన్న భయం పోయింది. ఇప్పుడు వాడు బతికి, రోజూ నన్ను పొగుడుతూ ఉంటాడన్న భయం పట్టుకుంది. దానికి అంతం కనబడలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

ఒక సాయంత్రం మామ, వెల్డింగు భాయ్ కలిసి వచ్చారు. కాఫీలు ఇచ్చి నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. తమ్ముడు కథ మొదలుపెట్టాడు. ఆరోజు గుంటలో ఉన్నవాళ్ళకే చెబుతున్నానన్న సంగతి కూడా వాడికి పట్టలేదు. చివరిదాకా విని మామ తల ఊపాడు.

"ఆ దుంగ నేను ఎన్నిసార్లు కట్టినానో లెక్కలేదబ్బయా. అది ఇట్టా ఎగేస్తాదని ఎవురికి తెలుసు?"

"ఎవురికీ తెలవదు మామా" అన్నాడు తమ్ముడు. "తెలిసుంటే మా అక్క చెప్పకుండా ఉంటాదా? గట్టు మీదనే ఉండింది గదా."

"నాకు తెలుసు" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు.

"కట్టేటప్పుడే తెలుసు. నీ మీద కోపంతో చెప్పలేదురా. నువ్వు భయపడితే చూద్దామనుకున్నా."

క్లాసులో చెప్పినట్టే స్పష్టంగా చెప్పాను. వాడు నన్ను తేరిపార చూశాడు. వాడి మొహంలో ఏదో మారుతుందని, తిడతాడని, కాఫీ గ్లాసు నా మీదికి విసురుతాడని చూస్తున్నాను. అది రావాలని కోరుకున్నాను కూడా. వాడి మొహం మెత్తబడింది.

"చూసినారా మామా," అన్నాడు. "అమ్మ పోయినప్పుడు కూడా ఇట్నే అనింది. ఒక రోజు ముందే ఆస్పత్రికి తీసకపోయుంటే బతికుండేది, అంతా నా తప్పే అని నెలరోజులు ఏడ్చింది. ఏం జరిగినా తన నెత్తినే ఏసుకుంటాది మా అక్క."

"తోబుట్టువు ప్రాణం అట్టనే ఉంటాదిలేరా" అన్నాడు మామ.

భాయ్ మాత్రం నన్ను ఒక్కసారి చూసి, తల దించుకుని, కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఒక్కడికే అర్థమైంది.

నేను గుమ్మం వదిలి మంచం దగ్గరికి పోయాను. "అమ్మ సంగతి వేరురా. ఇది నిజం. నిజంగా నాకు తెలుసు" అన్నాను.

వాడు నా చెయ్యి అందుకుని, తన పక్కన కూర్చోబెట్టుకుని, వీపు మీద మెల్లగా తట్టాడు.

"సరేలే అక్కా, తెలుసులే. ఊరుకో, ఏడవబాక" అన్నాడు.